పేరు తెలియని గోలీ నోట్లో వేసుకోవద్దు

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం చౌరస్తా దాకా, అక్కడి నుంచి మల్లాపూర్ వరకు ఉండేవారికి, రోజూ పనికి వచ్చిపోయేవారికి ఈ హెచ్చరిక. మందుల షాపులోనైనా, క్లినిక్‌లోనైనా, ఆసుపత్రి కిటికీ దగ్గరైనా చేతికి వచ్చిన మందు పేరేమిటో, అది ఎందుకు వేసుకోవాలో, దానివల్ల ఏ ఇబ్బంది రావచ్చో, ఏం కనిపిస్తే ఆపేసి పరుగెత్తాలో తెలుసుకోకుండా అక్కడి నుంచి కదలకండి. చెప్పే మనిషి లేకపోతే చెప్పే చోటికి వెళ్లండి. మొహమాటపడి ఊరుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

నాచారం పారిశ్రామిక వాడలో షిఫ్టు వదిలే వేళకు ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. "అన్నా, నడుం నొప్పికి రెండు గోలీలియ్యి", "జ్వరానికి ఒక డోసు కట్టు", "పాపకు దగ్గు మందు మంచిదేదైనా ఇయ్యి." అడిగేది ఇంతే. కౌంటర్ వెనుక కుర్రాడు కత్తెరతో స్ట్రిప్పు కోస్తాడు, మూడు నాలుగు రకాలు కలిపి కాగితం కవర్లో వేస్తాడు, పైన 1-0-1 అని రాస్తాడు. డబ్బులిచ్చి వెళ్లిపోతారు. స్ట్రిప్పు మీద గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఒక మూలనే అచ్చు వేస్తారు. మధ్య ముక్క దక్కినవారికి అవేవీ ఉండవు, ఒక్కోసారి పేరు కూడా సగానికి తెగిపోతుంది. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత ఎవరి కంటా పడదు. రాత్రి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఆసుపత్రికి పరుగెత్తితే, "ఏం మందు వేసుకున్నారు?" అని డ్యూటీ డాక్టరు అడుగుతారు. "తెల్లది ఒకటి, గులాబీ రంగుది ఒకటి" అంటే ఆ డాక్టరు ఏం చేయగలరు?

మందులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు 1990ల మొదట్లో హెచ్ఐవీ మందు జిడోవుడిన్‌ను తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతి రూపొందించి సిప్లాకు ఇచ్చారు. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరుగా ఉన్న ఎ.వి. రామారావు ఆ తర్వాత స్థాపించిన అవ్రా ల్యాబొరేటరీస్‌కు నాచారంలోనే కర్మాగారం ఉంది. హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. మందును అణువు అణువుగా కట్టడం తెలిసినవాళ్లు ఇంతమంది ఉన్న చోట, అదే మందు మింగే కూలీకి దాని మంచిచెడ్డలు రెండు ముక్కల్లో చెప్పే మనిషి లేకపోవడం మనం సహించకూడని సంగతి.

చెప్పకపోవడం వల్ల నష్టం ఒక వైపే ఉంటుందని అనుకోవద్దు. వేసుకోకూడని మందు వేసుకునేవారు ఒక పక్క, తప్పనిసరిగా వేసుకోవాల్సిన మందు భయపడి మానేసేవారు ఇంకో పక్క. రెండో నష్టం పెద్దదని మా నమ్మకం. అది ఎవరి లెక్కలోకీ రాదు కనుక దాని గురించే ముందు చెబుతాం.

టీబీ మందుల సంగతి చూడండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. అందులో ఉండే రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది, చెమట, కన్నీళ్లు కూడా రంగు తేలుతాయి. దానివల్ల ఏ హానీ లేదు. కానీ ముందుగా చెప్పకపోతే ఆ మనిషి ఏమనుకుంటాడు? "రక్తం పోతోంది, ఈ మందు నాకు పడలేదు" అని మూడో రోజే ఆపేస్తాడు. మధ్యలో ఆపిన టీబీ మొండిదవుతుంది, మామూలు మందులకు లొంగదు, ఒకే గదిలో పడుకునే నలుగురికీ అంటుతుంది. అదే మొదటి రోజున "మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడకండి. కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తే వాంతి వస్తున్నా మాత్రం మర్నాటి దాకా ఆగకుండా వచ్చేయండి" అని చెబితే సరిపోతుంది. మొదటిది ఉత్త రంగు, రెండోది కాలేయం దెబ్బతింటోందన్న సూచన. ఈ తేడా చెప్పడానికి అర నిమిషం చాలు.

బీపీ గోలీది ఇంకో కథ. ఎక్కువమంది వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. "కిడ్నీలు చెడిపోతున్నాయి, ఈ గోలీల వల్లే" అని పక్కింటివాళ్లు చెబుతారు, మానేస్తారు. ఎనాలాప్రిల్, రామిప్రిల్ రకం మందులతో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. అది మందు వల్లనేనని తెలియక నెలల తరబడి దగ్గు సిరప్పులు తాగుతారు. ఈ రెండు ఇబ్బందులకూ విరుగుడు తేలిక, డాక్టరు మందు మారుస్తారు. బీపీ పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు, తల తిరగదు. కాబట్టి గోలీ చేసే మేలు కంటికి కనబడదు, పాదాల వాపు మాత్రం రోజూ కనబడుతుంది. కనబడని మేలును నోరు తెరిచి చెప్పాలి. "ఈ గోలీ తలనొప్పి తగ్గడానికి కాదమ్మా, పక్షవాతం రాకుండా, గుండె దెబ్బతినకుండా. ఒంట్లో బాగుందనిపించినా ఆపొద్దు" అని డాక్టరు చెప్పని ఇంట్లో, ఆ గోలీల డబ్బా అలమరలోనే ఉండగా మనిషి మంచాన పడతాడు.

షుగరు గోలీలు వేసుకునేవారికి ఒక ప్రమాదం ఉంది, దాని మాట చెప్పకుండా చీటీ రాయడం తప్పు. గ్లైమెపిరైడ్ లాంటి మందు వేసుకుని భోజనం మానేస్తే చక్కెర అడుగుకు పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు, ఆ తర్వాత స్పృహ తప్పడం. శివరాత్రి ఉపవాసానికైనా, రంజాన్ రోజాలకైనా ముందు డాక్టరును అడిగి మోతాదు సరిచేయించుకోవాలి. అలాగే పిల్లలు కావాలనుకుంటున్న ఆడవాళ్లు బీపీ, మూర్ఛ మందులు వాడుతుంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, బీపీకి ఇచ్చే ఎనాలాప్రిల్, టెల్మిసార్టాన్ కడుపులో బిడ్డకు హాని చేసే మందులు. అలాగని సొంతంగా ఆపేయడమూ ప్రమాదమే. డాక్టరే మార్చాలి.

ఇప్పుడు మొదటి వైపు నష్టానికి వద్దాం. నాచారం, మల్లాపూర్ కార్ఖానాల్లో పొద్దంతా నిలబడి పనిచేసేవారిని, లోడు ఎత్తేవారిని, కుట్టుమిషన్ల మీద వంగి కూర్చునేవారిని పట్టి పీడించేది నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, అది నిజం. రెండు మూడు రోజులు, అన్నం తిన్నాక, అవసరమైనంత మేరకు వాడితే చాలామందికి ఏమీ కాదు. రోజూ వాడితే కడుపులో పుండ్లు పడతాయి. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతోందని అర్థం. బీపీ పెరుగుతుంది. నీళ్లు తక్కువ తాగి, ఎండలోనో కొలిమి వేడిలోనో చెమటోడ్చేవాళ్లకు ఈ మందులు మూత్రపిండాల మీద నేరుగా దెబ్బ వేస్తాయి. షుగరు, బీపీ ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరు ఒక పేరుతో రాసిన నొప్పి గోలీ మీద, షాపువాడు ఇంకో పేరుతో మరో నొప్పి గోలీ ఇస్తే రెండూ ఒకే జాతివని కార్మికుడికి ఎలా తెలుస్తుంది? షాపులో ఒక ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. "ఇప్పటికే ఏమేం మందులు వాడుతున్నారు?" అన్న ఆ ప్రశ్నే మన దగ్గర ఎవరూ అడగడం లేదు.

దీనికన్నా ఘోరం స్టెరాయిడ్. "ఆయన సూది ఇస్తే పొద్దున్నకల్లా లేచి తిరుగుతారు, హస్తవాసి మంచిది" అని పేరు తెచ్చుకున్న చోట, ఆ సూదిలో ఏముందో అడిగినవారు అరుదు. డెక్సామెథసోన్ ఇస్తే జ్వరం, నొప్పి, వాపు, ఆయాసం ఒక్కసారిగా అణగిపోతాయి, ఆకలి పుడుతుంది, మనిషికి హుషారు వస్తుంది. రోగం మాత్రం లోపల అలాగే ఉంటుంది, ఒక్కోసారి ముదురుతుంది. ఉబ్బసంలో, కొన్ని కీళ్ల వ్యాధుల్లో, ప్రాణాపాయ స్థితుల్లో స్టెరాయిడ్‌కు మించిన మందు లేదు. దాన్ని దెయ్యంగా చూపించడం మా ఉద్దేశం కాదు. కానీ రోగికి చెప్పకుండా, డోసులో ఒక చిన్న గోలీగా కలిపి వారాల తరబడి వాడిస్తే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది, చిన్న ఇన్ఫెక్షనూ పెద్దదవుతుంది. 2021 వేసవిలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్ చికిత్సకు కేంద్రంగా మార్చాల్సి వచ్చింది. కరోనాకు అడ్డూ అదుపూ లేకుండా వాడిన స్టెరాయిడ్లు, అదుపులో లేని షుగరు కలిసినప్పుడు ఏమవుతుందో ఆ వార్డుల్లో కళ్లు, దవడలు పోగొట్టుకున్నవారిని చూసిన ఊరు మనది. ఇంత త్వరగా మరచిపోతే ఎలా?

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఇది చదివి, వారాల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ గోలీలను ఇవాళే పారేయకండి. చాలాకాలం వాడితే శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోను పని మందగిస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఎంబీబీఎస్, ఎండీ చదివిన డాక్టరు దగ్గరికి వెళ్లి, వాడుతున్నవన్నీ చూపించి, ఆయన చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించుకోవాలి.

స్టెరాయిడ్ పూతల సంగతి కూడా అంతే. గజ్జి, తామరకు షాపులో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసాల్, బీటామెథసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, ఆపగానే తామర రెట్టింపు విస్తీర్ణంలో తిరిగొస్తుంది. తెల్లబడతామని ముఖానికి రాసుకునే అమ్మాయిలకు చర్మం పలచబడి, ఎర్రబడి, మంట పుట్టి, ఆ పూత లేకుండా బయటికి రాలేని స్థితి వస్తుంది. ఇలాంటి పూతలను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు.

పారాసిటమాల్ అందరికీ తెలిసిన మందు కనుక అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల గోలీలు ఆరు వేసుకుంటే దాదాపు ఆ హద్దు చేరినట్టే. జలుబు గోలీల్లో, కొన్ని నొప్పి గోలీల్లో కూడా ఇదే మందు కలిసి ఉంటుంది కాబట్టి తెలియకుండానే హద్దు దాటుతారు. రోజూ మద్యం తాగేవారికి, ఒళ్లు బక్కచిక్కినవారికి ఆ హద్దు ఇంకా తక్కువ. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాన్ని రోజూ వేసుకుని చనిపోయినవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ చీటీ మీద వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయించుకోండి.

పిల్లల విషయానికి వస్తే మా గొంతు పెంచక తప్పదు. 2019 మార్చిలో నాంపల్లిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసికందులకు, జ్వరం రాకుండా ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రామడాల్ గోలీలు చేతికిచ్చారు. ట్రామడాల్ పెద్దలకు తీవ్రమైన నొప్పికి ఇచ్చే మత్తు జాతి మందు. నెలల వయసు పిల్లలకు ఊపిరి ఆడనివ్వదు. పదుల సంఖ్యలో పిల్లలను నీలోఫర్‌లో చేర్చారు. కనీసం ఇద్దరు చనిపోయారు. అమ్మలు గోలీలు తీసుకున్నారు, ఇంటికెళ్లి సగం చేసి నీళ్లలో కలిపి తాగించారు. ఆ వరుసలో ఎక్కడైనా ఒకరు స్ట్రిప్పు మీది పేరు పైకి చదివి వినిపించే ఆనవాయితీ ఉండి ఉంటే? మందు చేతులు మారే చోట దాని పేరు గట్టిగా పలకాలన్న నియమం ఖర్చు లేనిది, నేర్చుకోవడానికి ఒక్క రోజు పట్టనిది.

ఆ తర్వాత 2025 అక్టోబరు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు మూత్రపిండాలు ఆగిపోయి చనిపోయారు, ఆ సంఖ్య 20 దాటింది. తమిళనాడులో తయారైన కోల్డ్‌రిఫ్ సిరప్ ఎస్ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ వెంటనే ఆ బ్యాచ్ వాడొద్దని ప్రకటన ఇచ్చింది. బ్యాచ్ నంబరు చూసి ఆపేయమన్న ఆ హెచ్చరిక సీసా పెట్టె దాచుకున్నవారికే పనికొస్తుంది. విషం కలవకపోయినా దగ్గు సిరప్పులతో పసిపిల్లలకు ఒరిగేది తక్కువ. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్ల లోపువారికి మామూలుగా సిఫారసు చేయొద్దనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అదే నెలలో చెప్పింది. పిల్లల్లో వచ్చే దగ్గు ఎక్కువసార్లు దానంతట అదే తగ్గుతుంది. మేలు ఇంత తక్కువ ఉన్న చోట కొద్దిపాటి ముప్పును కూడా ఎందుకు మోయాలి? నైమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు. చిలుకానగర్‌లోనో, బీరప్పగడ్డలోనో మీ ఇంట్లో పాత సీసా ఉంటే దాని పేరు ఇప్పుడే చదవండి.

ముప్పు గురించి చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది, అది తప్పితే మరో రకం నష్టం. నెలసరి నొప్పికి ఎంతోమంది ఆడవాళ్లు వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు, లోపలి అవయవాలకు దెబ్బ కలిసి వచ్చే డ్రెస్ అనే ప్రతిచర్యను గమనించమని డాక్టర్లను, రోగులను కోరింది. హెచ్చరిక సరైనదే. కానీ అది చేతి ఫోన్ల మీదుగా మన ఇళ్లకు చేరేసరికి "ఆ గోలీ వేసుకుంటే చస్తారట" అయింది. అది అరుదైన ప్రతిచర్య అన్న మాట దారిలో రాలిపోయింది. కొందరు మానేశారు, కొందరు భయపడుతూనే వేసుకున్నారు, ఏ లక్షణం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పోవాలన్న అసలు సంగతి మాత్రం ఎవరికీ అందలేదు.

బ్రిటన్‌లో 1995 అక్టోబరులో ఇంతకన్నా పెద్దది జరిగింది. కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని అక్కడి మందుల భద్రతా సంఘం ప్రకటించింది. రెట్టింపు అన్న మాట వినగానే వేల మంది మాత్రలు ఆపేశారు. నిజానికి 7 వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడమే ఆ రెట్టింపు. మాత్రలు ఆపినవారిలో అనుకోని గర్భాలు పెరిగి, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా 13 వేల గర్భస్రావాలు జరిగాయని అంచనా. జర్మన్ పరిశోధకుడు గెర్డ్ గిగరెంజర్ ఈ ఉదంతాన్ని పదేపదే ఎత్తిచూపుతారు. రెట్టింపు, యాభై శాతం తగ్గుదల లాంటి మాటలు ఒంటరిగా చెబితే వినేవారికి ఏమీ తెలియదు. ఎంతమందిలో ఎంతమందికి అన్నది చెప్పాలి. మన ఉప్పల్ స్టేడియం నిండితే దాదాపు 40 వేల మంది. పది వేలకు ఒకరికి వచ్చే దుష్ప్రభావం అంటే, నిండిన ఆ స్టేడియంలో నలుగురికి. అందులో మీరు ఉండరని ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ ఆ లెక్క తెలిస్తే నిర్ణయం మీది అవుతుంది.

మేలును కూడా ఇదే కొలతతో చెప్పించుకోండి. "ఈ మందు వాడితే నాలాంటి వందమందిలో ఎంతమందికి గుణం కనిపిస్తుంది, వాడకపోతే ఎంతమందికి దానంతట అదే తగ్గుతుంది?" ఈ ప్రశ్నకు ఏ డాక్టరూ కోప్పడకూడదు. వైరల్ జ్వరానికి, మామూలు జలుబుకు యాంటీబయాటిక్ వాడితే మేలు సున్నా. విరేచనాలు, దద్దుర్లు, రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయకపోవడం, ఇవే మిగిలేవి.

చెప్పకుండా చేసిన పని మంచి మందునే ఎలా చెడగొడుతుందో మన ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాను ఆ జిల్లాలో భద్రాచలం తదితర మండలాల్లోని 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు పరిశీలన కోసం వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఆ కార్యక్రమంలో సుమారు 14 వేల మంది అమ్మాయిలు ఉన్నారు. చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల్లో చదివేవారు. అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు వందలు, వేల పత్రాల మీద సంతకాలు పెట్టారు. ఎందుకు వేస్తున్నారో, ఏం కావచ్చో పిల్లలకు తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలియదు. కొందరు అమ్మాయిల మరణ వార్తలు రాగానే ఊళ్లు భగ్గుమన్నాయి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం సమ్మతి తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ప్రాణాలు కాపాడే టీకా మీద ఈ దేశంలో నమ్మకం ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. ఆ అమ్మల దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. రోగికి చికిత్స స్వరూపం, మేలు, ముప్పు, వేరే దారులు చెప్పి సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నియమం పెట్టింది. ఫార్మసీ కౌన్సిల్ 2015లో తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకా స్పష్టం. మందు పేరు, దేనికి, ఎలా, ఎన్నాళ్లు వాడాలి, మామూలుగా ఎదురయ్యే తీవ్ర దుష్ప్రభావాలు, వేరే మందులతో పొంతన, ఎలా దాచాలి, ఒక పూట మరచిపోతే ఏం చేయాలి, ఇవన్నీ రోగికి చెప్పడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత. గోడకు ఆయన సర్టిఫికెట్టు వేలాడితే సరిపోదు, కౌంటర్ వెనుక మనిషి ఉండాలి. షెడ్యూల్ హెచ్1లోని మందులు, అంటే బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు, కొన్ని నిద్ర మాత్రలు అమ్మితే రోగి, డాక్టరు వివరాలు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలన్న నియమం 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఉప్పల్, నాచారం షాపుల్లో ఆ రిజిస్టర్లు తెరిచి చూడమని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను కోరుతున్నాం.

నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి వచ్చేవారిలో తెలుగు రానివారు, ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ మాట్లాడే కార్మికులు ఎందరో. ఇంగ్లిష్ అచ్చు ఉన్న స్ట్రిప్పు వారికీ చదవరాదు, మనలో చాలామందికీ చదవరాదు. మందులిచ్చే ప్రతి కిటికీ దగ్గర సూర్యుడు, చంద్రుడు, అన్నం కంచం బొమ్మలతో వేళలు గుర్తుపెట్టే చీటీలు, తెలుగు, హిందీ, ఒడియాల్లో పది ముఖ్యమైన మందుల మంచిచెడ్డలు రాసిన బోర్డులు పెట్టడానికి ఏ కోట్ల బడ్జెట్టూ అక్కర్లేదు. యాజమాన్యాలు కూడా ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద వీటిని అంటించాలి. డాక్టర్ల మీద ఉన్న ఒత్తిడి మాకు తెలుసు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరకని ఓపీల్లో అన్నీ చెప్పలేరు. అందుకే చెప్పే పనిని నర్సుకు, ఫార్మసిస్టుకు, ఆశా కార్యకర్తకు పంచి, అది జరిగిందో లేదో చూడాలి.

మీరు చేయాల్సినది ఇవాళే మొదలుపెట్టండి. స్ట్రిప్పు కోసినా పేరు, తేదీ ఉన్న ముక్కే అడగండి, లేదా మొత్తం స్ట్రిప్పు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బిల్లు అడగండి, దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. మందు పేరు, దేనికి, ఎన్నాళ్లు, ఏం కనిపిస్తే ఆపాలి అని అడిగి, విన్నది తిరిగి మీ మాటల్లో ఆయనకే చెప్పండి, పొరపాటుగా విని ఉంటే అక్కడే బయటపడుతుంది. ఇంతకుముందు ఏ మందు పడలేదో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మందు వేసుకున్నాక పెదవులు, నాలుక, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లు పొక్కి చర్మం ఊడుతున్నా, నోట్లో, కళ్లలో పుండ్లు పడినా మరో డోసు వేసుకోకుండా వెంటనే 108కి ఫోను చేయండి. చీటీ లేకుండా అమ్మేవారి మీద, అనుమానాస్పద మందుల మీద తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు 1800-599-6969 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

మందు వల్ల ఇబ్బంది వస్తే అది మీతోనే ఆగిపోకూడదు. 2010లో మొదలైన దేశవ్యాప్త మందుల భద్రతా కార్యక్రమానికి రోగులే నేరుగా తెలపవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024, పనిదినాల్లో పగటిపూట ఎత్తుతారు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. ఎవరికి వచ్చింది, ఏ మందు, ఏం జరిగింది, చెబుతున్నది ఎవరు అన్న నాలుగు సంగతులు ఉంటే తీసుకుంటారు. పేరు బదులు పొడి అక్షరాలు రాసినా సరిపోతుంది. ఆ మందే కారణమని నిరూపించాల్సిన పని మీది కాదు, అనుమానం ఉంటే చాలు.